చెవి వెనక పాయ

కర్నూలులో బురుజు పక్క సందులో ఉన్న తిమ్మన్న క్షవరం అంగడి మంగళవారం తెరిచేది కాదు. ఆ రోజు ఎవరి తలా ముట్టకూడదని తండ్రి చెప్పిన మాట. ముప్పై ఏళ్లు ఒక్కసారీ తప్పలేదు. 1954లో ఆ మాట నిలబెట్టుకోబోయి ఒక తల పాడుచేశాడు.

నాటకాల కాలంలో వేషగాళ్ల జుట్టు కూడా అతనే తీర్చేవాడు. కోయిలకుంట్ల నాటక సమాజంలో రాణి వేషం కట్టే హనుమంతమ్మది బిగుతైన ఉంగరాల జుట్టు. ఆఖరి రంగంలో రాణి ముడి విప్పితే జుట్టు నడుము దాకా జారాలి. ఆమెది భుజాల మీదనే బుట్టలా నిలిచిపోయేది. ఒకసారి విగ్గు పెట్టుకుని ఆడితే, రాజు పట్టి లాగినప్పుడు అది అతని చేతికొచ్చింది. జనం నవ్వారు. ఆ నవ్వు మరిచిపోలేకే ఆమె తిమ్మన్న దగ్గరికి వచ్చింది.

సున్నపు తేటలో కొంచెం చాకలి సోడా కలిపి, గంజితో చిక్కబరిచి పూసేవాడు తిమ్మన్న. మంట పుట్టకముందే కడిగి చింతపండు నీళ్లు పోసేవాడు. ఉంగరాలు సగం సాగేవి. మళ్లీ పూస్తే కొత్తగా మొలిచిన మొదళ్లకే పూసేవాడు.

ఆ ఏడు కడప నుంచి ఒక నాటకాల కంట్రాక్టరు, బుధవారం తన ఊళ్లో ఆట చూసి నచ్చితే ఏడాది పొడుగునా రాణి వేషం హనుమంతమ్మకే ఇస్తానన్నాడు. సోమవారం మధ్యాహ్నం హార్మోనియం వాయించే లేవి మద్రాసు నుంచి జుట్టు సాగదీసే మందు సీసా ఒకటి తెచ్చాడు. హనుమంతమ్మ దాన్ని పట్టుకుని అంగడికి వచ్చింది. లేవి వెంట వచ్చాడు.

"ఇది అమ్మిన అంగడాయప్ప ఒక మాట చెప్పినాడు," అన్నాడు లేవి. "ముందు ఇంకో మందు పూసింటే ఇది పూయొద్దంట. ఆ జుట్టు పోయి కొత్తది రావల్లంట. లేదంటే చెవి వెనక ఒక పాయకు పూసి, ఒక దినం ఆగి చూడల్లంట."

"అట్లయితే ఇప్పుడు పాయకు పూయి, రేపు తలకంతా పూద్దువు," అంది హనుమంతమ్మ. బుధవారం తెల్లవారే బస్సు.

"రేపు మంగళవారం. ముట్టను."

"ఒక దినం దేవుడు కండ్లు మూసుకోడా?"

"దేవుడు మూసుకుంటాడు. మా నాయన మూసుకోడు."

"మీ నాయన పోయి పదేండ్లాయ కదప్పా," అన్నాడు లేవి.

"అందుకే అస్సలు మూసుకోడు."

హనుమంతమ్మ నవ్వింది. "అయితే ఇప్పుడే పూయి. నీ చేయి నాకు తెలీదా."

సున్నం పూసి అప్పటికి పద్దెనిమిది రోజులే. ఆ సంగతి తిమ్మన్నకు గుర్తుంది. రెండూ జుట్టు సాగదీసే మందులే కదా, ఒకదానికొకటి తోడవుతుందనుకున్నాడు. సీసా మూత తీస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన. లేవి ముక్కు మూసుకుని బయటికి పోయాడు.

పూసిన పావుగంట తరువాత దువ్వెన పెట్టాడు. వెంట్రుక తడిసిన నూలుపోగులా సాగింది. ఇంకా సాగి, తెగింది. హనుమంతమ్మకు మంట కూడా లేదు. ముడి ఎట్లా విప్పితే బాగుంటుందో చెబుతూనే ఉంది.

"ఏమప్పా, గమ్మునైతివి?"

తిమ్మన్న చింతపండు నీళ్లు పోశాడు. మళ్లీ పోశాడు. ఐదోసారికి కింద పళ్లెంలో నీళ్లు కనబడలేదు, అంతా జుట్టే. అప్పుడు ఆమె వంగి చూసింది. చేయి తల మీదికి పోలేదు, ఒళ్లోనే ఉండిపోయింది.

బుధవారం కడపకు రాణిగా సమాజంలోనే ఇంకో వేషగత్తె కృష్ణవేణమ్మ పోయింది. ఆ ఏడాది వేషాలన్నీ ఆమెకే రాసిచ్చారు. జుట్టు తిరిగి వచ్చేసరికి హనుమంతమ్మ, కొంగు తల మీద కప్పుకునే తల్లి వేషాలకు అలవాటుపడింది. తిమ్మన్నను ఒక్క మాట అనలేదు. నేనే తొందరపెట్టినానని నలుగురిలో చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా అతను తల వంచుకుని కత్తి నూరేవాడు. సున్నపు ముంత ఎప్పుడో పగలగొట్టాడు.

రెండేళ్ల తరువాత ఒక మంగళవారం ఆమె వచ్చి తిమ్మన్న ఇంటి తలుపు తట్టింది. ఆ రాత్రి ఊళ్లోనే ఆట ఉంది. ఉంగరాలు భుజాల దాకా వచ్చాయి, నడినెత్తి మాత్రం పలచగా ఉంది.

"ఈ పలచన కనపడకుండా దువ్వు," అంది.

తిమ్మన్న లోపలికి పోయి దువ్వెన, నూనె గిన్నె తెచ్చాడు. తరువాత పీట వేశాడు. నూనె రాసి, చెవి వెనక ఒక పాయ తీసి, వేళ్లతో మెల్లగా లాగి చూసి, దువ్వడం మొదలుపెట్టాడు.

"ఈ పొద్దు మంగళవారమే," అంది హనుమంతమ్మ.

"ఊఁ."

"ముట్టితివే."

అతను దువ్వుతూనే ఉన్నాడు.

"ఆ పొద్దు ముట్టింటే సరిపోయేది కదప్పా," అంది ఆమె, రెండేళ్లలో మొదటిసారి.