బండెక్కితే కక్కే మోతీ

2023 వానాకాలం. షామీర్‌పేటలో రోడ్డు పక్కనే నా క్లినిక్. ఎక్కువగా కుక్కలు, పిల్లులు వస్తాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి అప్పుడప్పుడు మేకలను కూడా తెస్తారు.

గౌడవెల్లి నుంచి ఎస్తేరమ్మ తన ఊరకుక్క మోతీని తీసుకొచ్చింది. ఆమె మేడ్చల్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి పోయేది. భర్త చనిపోయాక ఇంట్లో ఆమె, మోతీ, అంతే. మోతీకి టీవీటీ. జతకట్టేటప్పుడు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకునే గడ్డ అది. వారానికోసారి నరంలోకి మందు ఎక్కిస్తే చాలావరకు నయమవుతుంది. మధ్యలో ఆపితే మాత్రం మళ్లీ పెరుగుతుంది, తర్వాత అదే మందుకు లొంగకపోవచ్చు.

మూడో వారం ఎస్తేరమ్మ లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

"డాక్టరమ్మా, ఇగ సూది వద్దు. గీ మందు వాని పానం తీస్తాంది. ఒకటే కక్కుడు. సచ్చేటోడు ఎట్లన్న సస్తడు, ఇంటికాడనే ఉండనీ."

ఆ మందుతో వాంతులు అయ్యే మాట నిజమే. అందుకే తేలిగ్గా తీసుకోలేదు.

"ఎప్పుడు కక్కుతుండు?"

"తొవ్వల. వచ్చేటప్పుడే ఎక్కువ."

"ఇంటికాడ?"

"ఇంటికాడ మంచిగనే తింటడు."

"సూది వెయ్యకముందే కక్కితే అది సూది తప్పెట్లయితది, ఎస్తేరమ్మా?"

వెనక నిలబడ్డ జహంగీర్ అందుకున్నాడు. ఆమె ఇంటి పక్కనే ఉంటాడు, వ్యాన్‌లో కూరగాయలు అమ్ముతాడు. ప్రతివారం మోతీని తెచ్చేది అతనే. "ఇంజన్ స్టార్ట్ చెయ్యకముందే సొల్లు కారుస్తుండు, మేడం. బండిని సూస్తెనే వణుకుతుండు."

దీన్నే మోషన్ సిక్‌నెస్ అంటాం. బండి కదులుతోందని చెవి లోపలి భాగం చెబుతుంది, ఎదురుగా ఉన్న బండి రేకు కదలడం లేదని కళ్లు చెబుతాయి. ఆ తికమకకు కడుపులో తిప్పుతుంది. రెండుమూడుసార్లు అలా అయితే కుక్కకు బండి అంటేనే భయం పట్టుకుంటుంది.

బయటికి వెళ్లి వ్యాన్ చూశాను. మోతీ కూర్చునేది వెనక, ఉల్లిగడ్డ బస్తాల మధ్య. కిటికీ లేదు. పైగా ముక్కు మూసుకునేంత సెంటు వాసన.

"కక్కిన వాసన పోవాలని కొట్టిన, మేడం," అన్నాడు జహంగీర్.

"పొద్దుగాల వానికి ఏం పెట్టినవ్?" అని ఎస్తేరమ్మను అడిగాను.

"పెరుగన్నం, రెండు గుడ్లు. సూదిని తట్టుకోవాలె గదా."

ప్రేమతో పెట్టిన తిండి. కానీ నిండు కడుపుతో బండెక్కితే వాంతులు ఇంకా ఎక్కువవుతాయి.

తప్పు సూదిది కాదని చెప్పాక ఎస్తేరమ్మ ఒప్పుకుంది. మందుకు ముందు చేసే రక్తపరీక్ష బాగానే ఉంది. ముందు వాంతి ఆపే ఇంజెక్షన్ ఇచ్చి, తర్వాత అసలు మందు ఎక్కించాను. ఆ వారమంతా ఆగి ఉన్న బండిలో మోతీని కూర్చోబెట్టి, ఒక కోడిముక్క పెట్టి దించేయమన్నాను. వాడు స్థిమితపడ్డాక ఊరి చివరిదాకా తిప్పి తేవాలి. సూది రోజు పొద్దున కడుపునిండా పెట్టొద్దు, నీళ్లు తాగనివ్వొచ్చు. వాంతి ఆపే మాత్ర వాడి బరువు చూసి నేనే రాసిచ్చాను. మనం వేసుకునేవి సొంతంగా వెయ్యొద్దని గట్టిగా చెప్పాను. సెంటు మానాలి, అద్దం కొంచెం దించాలి, మోతీని ముందుసీట్లో కదలకుండా బెల్టుతో కట్టాలి.

ముందుసీటు అనగానే జహంగీర్ ముఖం మారింది. "కూరగాయల బండి, మేడం. కుక్కను ముంగట గూసోబెడితే గిరాకీలేమంటరు?"

ఎస్తేరమ్మ తల దించుకుంది. వేరే బండి మాట్లాడుకునే స్థోమత ఆమెకు లేదు. ఇక రారేమో అనుకున్నాను.

తర్వాతి వారం వచ్చారు. ముందుసీటు మీద పాత దుప్పటి, దాని మీద మోతీ, పక్కనే ఇరుక్కుని ఎస్తేరమ్మ. సొల్లు కారింది గానీ కక్కలేదు.

"గిరాకీలేమన్నరు?" అని అడిగాను.

"అనుకుంటే అనుకోనీ," అన్నాడు జహంగీర్. "పోయొచ్చినంక సబ్బుతోటి కడుగుత. జీవి ముఖ్యం గదా."

ఆ పై వారం రోడ్డు తవ్విన చోట కుదుపులకు మళ్లీ కొంచెం కక్కాడు. ఎస్తేరమ్మ బెదిరింది గానీ, ఆపేస్తానని అనలేదు. తర్వాత ఆ బెడద లేదు. గడ్డ కరుగుతూ కరుగుతూ పోయింది.

ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా తిండి, నిద్ర, విరేచనాల సంగతి అడిగాక ఇంకో ప్రశ్న అడుగుతాను: "ఎట్ల తీసుకొచ్చిన్రు?" ఎంత మంచి మందున్నా ఆ జీవి ముందు మా గడపదాకా రాగలగాలి. ఆ దారి కూడా వైద్యంలో భాగమే.