ఎర్రగాజుల చెయ్యి, ఏడో బ్యాడ్జి

మొన్న పొద్దున లాల్‌దర్వాజాలోని మా గల్లీలో పక్కింటివాళ్ల కోడలు కొత్త కారును వెనక్కు తీస్తుంటే, కూరగాయల సంచీతో వస్తున్న నేను అలవాటు కొద్దీ గోడవారగా నిలబడి కుడిచెయ్యి పైకెత్తాను. ఆ పిల్ల నావైపు చూడనే లేదు. కారులోని చిన్న తెరవంక చూసుకుంటూ, అది కుయ్ కుయ్‌మంటుంటే గోడకు జానెడు దూరంలో ఆపి, చక్కగా తిప్పుకొని వెళ్లిపోయింది. నా చెయ్యి మాత్రం దిగలేదు. అరవై ఎనిమిదేళ్ల ముసలిది గల్లీలో చెయ్యెత్తుకొని నిలబడితే చూసేవాళ్లు ఏమనుకుంటారోనన్న సిగ్గయినా లేదు. ఇరవై ఏళ్ల కిందటి భయం మళ్లీ వచ్చి పట్టుకుంది.

మా ఆయన సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టరు. కొందరికి పేకాట పిచ్చి, కొందరికి పావురాల పిచ్చి, ఈయనకు జీపు పిచ్చి. వేలంలో కొన్న పాత మిలిటరీ జీపును, పక్క గల్లీలో మెకానిక్ షెడ్డున్న స్నేహితుడు మిస్త్రీ భాయ్‌తో కలిసి రెండేళ్లు తిప్పలుపడి నడిచేలా చేశాడు. అప్పట్లో జీపుల క్లబ్బు ఒకటుండేది. వాళ్లు దేశం మొత్తంమీద రోడ్డనేదే లేని ఏడు దారులను ఏరిపెట్టి, ఒక్కో దారిని జీపులో దాటినవాళ్లకు ఒక్కో ఇత్తడి బ్యాడ్జి ఇచ్చేవాళ్లు. ఇంకా ఒక్కటీ రాకముందే మా ఆయన డ్యాష్‌బోర్డు రేకుకు ఏడు బెజ్జాలు వేసి కూర్చున్నాడు. నా తోటి ఆడవాళ్లు సెలవులకు తిరుపతికో షిర్డీకో వెళ్తుంటే, నేను ఏటా బురదలోకీ బండల్లోకీ వెళ్లాను.

నన్నెందుకు తీసుకువెళ్లేవాళ్లో చెప్పాలి. అలాంటి దారుల్లో ముందుచక్రం ఎక్కడ పడుతోందో డ్రైవరుకు కనిపించదు. ఒక మనిషి ఎదురుగా నిలబడి, వెనక్కు నడుస్తూ, చేత్తో దారి చూపాలి. మిస్త్రీ భాయ్ చెయ్యి చూపితే మా ఆయన వాదనకు దిగేవాడు. నేను చూపితే మారుమాట లేకుండా వినేవాడు, ఇంట్లో ఒక్కనాడూ నా మాట విని ఎరగని మనిషి! దుమ్ములో, పొగమంచులో నా చేతులు కనబడాలని మిస్త్రీ భాయ్ ఒక ఉపాయం చెప్పాడు. చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో కూర్చుని ఎడమచేతికి మోచేతిదాకా ఆకుపచ్చ గాజులు, కుడిచేతికి ఎర్రగాజులు వేయించుకున్నాను. పచ్చచెయ్యి ఊపితే రావాలి, ఎర్రచెయ్యి లేస్తే ఆగాలి. ఇంకొక మాట కూడా మిస్త్రీ భాయే చెప్పాడు. “భాభీ, చక్రం మీదనే నజర్ ఉండాలె. డ్రైవర్ మొహం చూడకు. చూసినవంటే నీగ్గూడ గాబరా అయితది.”

చూడకపోయినా గాబరాయే. బయలుదేరే ముందురోజు మహంకాళమ్మ గుడిలో మొక్కుకొనేదాన్ని. రాజస్థాన్ ఇసుకదిబ్బ మీద జీపు ఒక పక్కకు ఒరిగినప్పుడు, హిమాచల్ ఏట్లో నీళ్లు తలుపుదాకా వచ్చినప్పుడు, పచ్చచెయ్యి ఊపుతూనే లోపల చచ్చి బతికేదాన్ని. ఆయన సంబరంగా కొత్త బ్యాడ్జికి స్క్రూ బిగిస్తుంటే నేను చాటుకు పోయి ఏడ్చి, మొహం కడుక్కొని వచ్చేదాన్ని. అలా ఆరు వచ్చాయి.

ఏడోది సహ్యాద్రి కొండల్లో. వానలు ఇంకా పూర్తిగా వెనకపట్టలేదు. ఒక పక్క నిట్టనిలువు కొండ, ఇంకో పక్క లోయ, మధ్యలో జీపు వెడల్పుకన్నా మూరెడు మాత్రమే ఎక్కువున్న రాతిదారి. ముందు వెళ్లిన నాలుగు జీపుల మగవాళ్లు అవతల నిలబడి చూస్తున్నారు. సగం దాకా బాగానే తీసుకొచ్చాను. అప్పుడు చక్రం కింద నుంచి గులకరాయి ఒకటి జారి లోయలో పడింది. అది కింద పడ్డ చప్పుడు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించాను, వినిపించలేదు. దారి సరిపోతుందని నాకు తెలుసు, రాయి గట్టిగా ఉందనీ తెలుసు. అయినా, మిస్త్రీ భాయ్ వద్దన్న పనే చేశాను, తలెత్తి మా ఆయన మొహం చూశాను. ఎర్రచెయ్యి లేచింది. నేను ఎత్తలేదు, అదే లేచింది.

జీపు ఆగింది. ఏమైందని ఆయన తల బయటపెట్టి అరిస్తే, అంతమంది ముందు భయమేసిందని చెప్పడానికి నోరు రాక, “అంచు రాయి కదులుతున్నదయ్యా!” అని అరిచాను. రాయి కదిలితే ముందుకు రాకూడదు, వెనక్కు తీయాలి. అది మరింత గండం. నేను ముందున్నాను, వెనకచక్రాలు నాకు కనిపించవు. వెనక సీట్లో ఉన్న మిస్త్రీ భాయ్ దిగి, వెనక నిలబడి రుమాలు ఊపుతుంటే, జీపు అంగుళం అంగుళం వెనక్కు పోయింది. నిజం చెప్పేస్తే ముందుకే వస్తాడు, ఈ గండం తప్పుతుంది. నోరు తెరిస్తే చాలు, తెరవలేకపోయాను. నా అబద్ధంతో నా మొగుణ్ణి నేనే లోయలోకి తోస్తున్నానని, అమ్మా తల్లీ అని మొక్కుకుంటూ అరగంట నిలబడ్డాను. జీపు క్షేమంగా బయటపడింది గానీ ఆ భయం నన్ను వదల్లేదు.

ఏడో బ్యాడ్జి రాలేదు. క్లబ్బు మూతపడింది, జీపు అమ్మేశాం, ఆరు బ్యాడ్జీలూ ఒక ఖాళీ బెజ్జమూ ఉన్న ఆ రేకు మా టీవీ పైన గోడకుంది. ఏ పెళ్లికి వెళ్లినా మా ఆయన పదిమందిని కూడగట్టి, “మా ఆమె చెయ్యి లేవకుంటె గా దినమే నా కథ ఖతం అయితుండె” అని చెప్పేవాడు. విన్నప్పుడల్లా నేను కుంచించుకుపోయి, సగం భోజనంలోనే లేచిపోయేదాన్ని.

మొన్న కారు వెళ్లాక ఇంట్లోకొచ్చి, సంచీ కింద పెట్టి, చాయ్ తాగుతున్న ఆయనకు, ఆనాడు రాయి కదల్లేదని, భయంతో అబద్ధమాడానని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన చాయ్ ఆపలేదు.

“ఎరుకే. మిస్త్రీ గా దినమే పోయి రాయిని తన్ని చూసిండు, కదల్లే.”

“మరి ఊరంతా గట్ల ఎందుకు చెప్పినవయ్యా?”

ఆయన కప్పు కింద పెట్టాడు. “నాకు చేతులు చల్లబడ్డయే. స్టీరింగు పట్టు దొరుకుతలేదు. అవతల గంతమంది చూస్తుంటె నేనెట్ల ఆపాలె? నీ ఎర్రచెయ్యి ఎప్పుడు లేస్తదా అని చూస్తున్న. వెనక్కు వచ్చేటప్పుడు నాకసలు భయమే కాలే.”

ఇరవై ఏళ్లు ఒకే చూరు కింద, ఒకరి భయం ఒకరికి చెప్పకుండా బతికామన్నమాట. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ముందే చెప్పి ఉంటే ఎన్ని పెళ్లిళ్లలో కడుపునిండా తినేదాన్ని!

ఇప్పటి కార్లు గోడను తామే కనిపెడతాయి, మంచిదే. ఎదురుగా నిలబడి లోపలి మనిషి మొహం చూసేవాళ్ల అవసరం తీరిపోయింది. నా చేతులకు కూడా ఇప్పుడు రెండేసి గాజులే. అయినా నిన్న సాయంత్రం మందుల దుకాణానికి వెళ్తూ ఇద్దరం రోడ్డు దాటబోతే ఒక ఆటో దూసుకొచ్చింది. కుడిచెయ్యి ఎత్తాను. ఆటో ఆగలేదనుకోండి, మా ఆయన మాత్రం ఆగాడు.