ఆయప్పనే అడగండి

నడుము వంచని మనిషినని మా చుట్టుపక్కల నాకొక పేరుంది. అది మా తాత నుంచి వచ్చిందంటారు. నిజం అది కాదు. ఎన్నో ఏళ్లుగా నా వీపు మీద ఒక బరువుంది. వంగితే అది జారి అందరి ముందరా పడుతుందని భయం. అందుకే నిటారుగా నడుస్తాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. ఆ తెలియనితనమే లేకపోతే ఈ మాత్రం రాయడానికి కూడా నాకు చెయ్యి ఆడేది కాదు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. గొప్ప కోసం కాదు. కాదా? ఆ గొప్ప ఇంకా పూర్తిగా పోలేదేమో, మీరే చూస్తారు. విడపనకల్లు దాటాక బళ్లారి దారిలో ఉంటుంది మా ఊరు. మా తాత కాలంలో ఆ దారికి రెండు వైపులా చూపు ఆనినంత మేరా మా చేలే. తగవు వస్తే జనం పోలీసు స్టేషనుకు పోకుండా మా అరుగు దగ్గరికి వచ్చేవాళ్లు. మా నాయన కాలానికి వానలు ముఖం చాటేశాయి. వేసిన ప్రతి బోరూ దుమ్మే కక్కింది. బోరుకొక చేని చెక్క అమ్ముకుంటూ పోయాం. నేను అనంతపురంలో డిగ్రీ చదివేనాటికి మాకు మిగిలింది కొంచెం వేరుశనగ చేను, ఒక జత ఎద్దులు, ఒక పేరు. 'ఆ ఇంట్లో అబద్ధం ఆడరు' అనే పేరు. భూమి పోయినవాళ్లకు పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. నేను దాన్ని పట్టుకున్నాను. దాన్ని దేనికి వాడానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఏసేపు మా ఊరివాడే. చర్చి ఉన్న పేటలో వాళ్ల ఇల్లు. వాళ్లమ్మ మార్తమ్మ మా పశువుల కొట్టంలో పేడ ఎత్తేది, కసువు ఊడ్చేది. పోయేటప్పుడు మా అమ్మ మిగిలిన సంగటిని, ఆమె గిన్నెకు చెయ్యి తగలకుండా, పైనుంచి వేసేది. అది తప్పని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. ఏసేపు తర్వాత అనంతపురంలో ఒక హాస్టల్లో చేరి అక్కడ ఫుట్‌బాల్ నేర్చుకున్నాడు. నేను కాలేజీలో నేర్చుకున్నాను. గోలు ముందర నిలబడి, వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఆపడం నా పని. ఏసేపు కుడి పక్క నుంచి పరుగెత్తేవాడు. గడ్డి మొలవని ఆ మైదానంలో అందరి కాళ్ల కిందా దుమ్ము లేచి కమ్ముకునేది. వాడి వెనక మాత్రం సన్నగా, గీత గీసినట్టు లేచేది.

తొంభైల చివర్లో ఒక వేసవి. జిల్లా పోటీల్లో మా జట్టుకూ వాడి జట్టుకూ ఫైనల్ పడింది. బెంగుళూరులో ఆటగాళ్లకు జీతాలిచ్చి ఆడించే క్లబ్బు నుంచి ఒకాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ఏసేపును చూడటానికే వచ్చాడని మైదానమంతా తెలుసు. ఆ ఒక్క ఆట గడిస్తే వాడికి ఉద్యోగం. మార్తమ్మకు మా కొట్టం నుంచి విడుదల.

ఆ మధ్యాహ్నం గాలి ఆడలేదు. పడమట మబ్బు పట్టి, కురవకుండా అలాగే నిలబడిపోయింది. మాకు అలాంటి మబ్బులు అలవాటే. వాటి కింద మనుషులకు ఊరికే చిరాకు పుడుతుంది. ఆట మొదలవకముందు ఏసేపు నా దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు.

"ఏమన్నా, బాగుండావా?"

అన్నా! వాళ్లమ్మ నాకు ఊహ తెలియకముందు నుంచీ నన్ను 'చిన్నరెడ్డీ' అని పిలిచేది. నేను చెయ్యి ఇచ్చాను. ఇచ్చి, ఆ చేతిని నిక్కరుకు తుడుచుకున్నాను. వాడు చూశాడా? చూసే ఉంటాడు.

కాసేపటికే వాడు బంతిని నా కాళ్ల మధ్య నుంచి తోసి, నన్ను చుట్టి వెళ్లి అటువైపు అందుకున్నాడు. గోలు కాలేదు. కానీ జనం పగలబడి నవ్వారు. ఎవడో అరిచాడు: "రెడ్డీ, గేటు మూసుకోప్పా! గొర్లన్నీ దూరిపోతాండాయి!" ఇంకొకడు అందుకున్నాడు: "భూములే పాయ, ఇంగ గేటెందుకులేప్పా ఆయప్పకు!"

ఆ తర్వాత నేనన్న మాటను కోపంలో అన్నానని మీకు చెప్పాలని ఉంది. ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నది కూడా అదే. కాదు. ఆ నవ్వు ఆగిపోయాక, నా తల చల్లబడ్డాకే నేను ఆలోచించాను. ఈ కాళ్లను నేను ఆపలేను, ఈ మనిషిని ఆపగలను అనుకున్నాను. ఎక్కడ కొడితే వాడు నిలవలేడో, ఒకే ఊళ్లో పుట్టిన నాకు తెలిసినంతగా ఆ మైదానంలో ఇంకెవరికీ తెలియదు.

కార్నర్ కిక్ కోసం అందరం గోలు ముందర గుమిగూడాం. వాడి భుజం నా భుజానికి తగులుతోంది. నేను చెవి దగ్గరికి వంగి, పెదవులు కదిలీ కదలకుండా, వాళ్ల కులం పేరు అన్నాను. దాని వెనకే వాళ్లమ్మ పేరు. ఆమె మా కొట్టానికి వచ్చేది పేడ ఎత్తడానికేననుకున్నావా, మా నాయనను అడుగు, అన్నాను.

వాడు కదలలేదు. బంతి మా తలల మీదుగా పోయింది. వాడు బంతి వైపు చూడనే లేదు.

"ఏమంటివన్నా?"

"చెవుడా? మళ్లీ చెప్పల్నా?"

"నన్ను ఏమన్నా అను. ఆటలో ఇవన్నీ ఉంటాయి. మా యమ్మ పేరు తియ్యొద్దు."

"తీస్తే?"

"వద్దన్నా. నీ కాళ్లు మొక్కుతా, వద్దు."

మళ్లీ అన్నాను. ఈసారి నవ్వుతూ.

చెంప మీద పడింది దెబ్బ. చప్పుడు జనం కూర్చున్న గట్టు దాకా వినిపించింది. రెఫరీ చూసింది ఆ దెబ్బనే. రెడ్ కార్డు. వాడు బయటికి నడుస్తుంటే బెంగుళూరు ఆయన కుర్చీ నుంచి లేచి, ప్యాంటు దుమ్ము దులుపుకుని, తన జీపు వైపు వెళ్లిపోయాడు. మేం గెలిచాం. నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. పైనుంచి చూస్తే ఏసేపు గోడ పక్కన కూర్చుని బూట్ల తాళ్లు విప్పుతున్నాడు. ముడి పడిందేమో, ఎంతకీ రావడం లేదు.

ఇంతే అయితే, బహుశా, ఆటలో జరిగిన ఒక నీచం అని తీసి పక్కన పెట్టేవాణ్ణేమో. అసలు తప్పు ఆ తర్వాత వారం జరిగింది.

జిల్లా ఫుట్‌బాల్ సంఘం పెద్దలు ముగ్గురు విచారణకు కూర్చున్నారు. మమ్మల్నిద్దరినీ బల్ల ముందర నిలబెట్టారు. వాళ్లలో వాళ్లకే కుదరలేదు. "మాటకు చెయ్యి సమాధానం ఎట్లయితాదప్పా?" అని ఒకాయన. "మాటల్లో మాటలుంటాయి సామీ. కులం పేరు ఎత్తింటే అది ఆట కాదు, కేసు" అని రెండో ఆయన. నడుమ కూర్చున్న డ్రిల్లు మాస్టరు చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. మెల్లగా అడిగాడు.

"ఏసేపూ, ఏమన్నాడో చెప్పు నాయనా. ఉన్నదున్నట్టు చెప్పు. నువ్వు చెప్తేనే మేం ఏమన్నా చెయ్యగలం."

వాడు నోరు తెరిచాడు. మాట రాలేదు. వస్తుందని నేనూ అనుకోలేదు. తల్లి గురించి అన్న ఆ మాటను పదిమంది ముందర తన నోటితో మళ్లీ అనాలంటే, ఆమెను వాడే అన్నట్టు అవుతుంది. నేను అంత లెక్క వేసుకునే ఆ మాటను ఎంచుకున్నానా? అంత తెలివి నాకుందా? ఉందేమో. ఆ ప్రశ్న దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను.

ఏసేపు తల ఎత్తాడు. పెద్దల వైపు కాదు, నా వైపు చూశాడు.

"నా నోటితో రాదు సార్. ఆయప్పనే అడగండి. ఆయప్ప చెప్తాడు. ఆ ఇంట్లో అబద్ధం ఆడరని మా యమ్మ చెప్పింది."

మీకు అర్థమైందా? నన్ను నిందించడానికి వాడు అలా అనలేదు. నమ్మి అన్నాడు. తన బతుకును తీసి నా నాలుక మీద పెట్టాడు.

డ్రిల్లు మాస్టరు నా వైపు తిరిగాడు. విచారణ మొదట్లో ఏసేపు చేత ప్రమాణం చేయించిన మనిషి, నన్ను మాత్రం అడగలేదు. "నీకు ప్రమాణం ఎందుకులే రెడ్డీ, మీ తాత నాకు తెలుసు. చెప్పు" అన్నాడు.

"నేనేమీ అనలేదు సార్" అన్నాను. "బంతి కోసం అరిచినా. అంతే."

గొంతు వణకలేదు. అంత హాయిగా వచ్చింది ఆ అబద్ధం. మా ఇంటికున్న ఆ పేరు అప్పటికి ఎన్ని తరాల నిజాలతో గట్టిపడిందో, అదంతా ఆ ఒక్క అబద్ధాన్ని మోయడానికే అన్నట్టుగా మోసింది. ఏసేపు ముఖంలో కోపం వస్తుందని చూశాను. రాలేదు. ఆశ్చర్యం వచ్చింది. తర్వాత అదీ పోయింది. వాణ్ణి రెండేళ్లు ఆట నుంచి వెలివేశారు. బెంగుళూరు నుంచి పిలుపు రాలేదు. బళ్లారి గనుల నుంచి ఇనుప రాయి తోలే లారీలు అప్పుడప్పుడే ఎక్కువవుతున్నాయి. వాడు క్లీనరుగా ఎక్కి, తర్వాత డ్రైవరయ్యాడు.

విచారణ అయిన మర్నాడు ఊళ్లో ఉన్నాను. మార్తమ్మ ఎప్పటిలాగే కొట్టం పనికి వచ్చింది. నన్ను చూసి బుట్ట కింద పెట్టింది. "చిన్నరెడ్డీ, మావోడు నీ మీద చెయ్యి చేసుకున్యాడంట. ఏమీ మనసులో పెట్టుకోవాకప్పా. ఏం పుట్టిందో వానికి. నాకు కూడా చెప్పల్యా" అంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను ఏమన్నానో వినండి. "పర్లేదులే మార్తమ్మా" అన్నాను. క్షమించాను ఆమెను! నా చెవులతో నేనే విన్నాను ఆ పెద్దరికాన్ని.

ఏళ్లు గడిచాయి. నేను చదువు ముగించుకుని ఊరికి వచ్చేశాను. మార్తమ్మకు కాళ్లు పడిపోయాయి. పని మానేసింది. నా పెళ్లి అయింది. ఊళ్లోకి కేబుల్ టీవీ వచ్చింది. టీ అంగట్లో విదేశీ ఫుట్‌బాల్ పెట్టేవాళ్లు. నేను ఆడినవాణ్ణని నాకు ముందు కుర్చీ. ఒకసారి ఎక్కడో యూరపులో ఒక నల్ల ఆటగాడు, ఎదుటివాడు ఏదో అన్నాడని ఆట నడుమ మైదానం వదిలి నడిచిపోయాడు. వద్దని సాటివాళ్లు చొక్కా పట్టుకుని లాగినా ఆగలేదు. మర్నాడు అంగట్లో అదే రచ్చ.

"నల్లోన్ని నల్లోడంటే తప్పేమప్పా? ఈడ మనమందరమూ ఎండకు మాడినోళ్లమే గదా!"

"నిన్ను నేనంటే నవ్వుతావు. నీ మామ అంటే కొడతావు. ఎవరంటాండారనేది గదా సంగతి!"

"కోట్లిస్తారంట వానికి. అంత తీసుకోని ఒక మాట పడలేడా?"

అందరూ నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పన్నా, ఆడినోనివి." నేను గొంతు సవరించుకున్నాను. ఆటగాడనేవాడు మాటను మైదానంలోనే వదిలేయాలి, చర్మం మందంగా ఉండాలి, అని చెప్పాను. పాత అబద్ధానికి నీతి తొడిగాను. తలలు ఊపారు.

అప్పుడు చూశాను. అంగడి బయట లారీ ఆగి ఉంది. గుంజకు ఆనుకుని ఏసేపు టీ తాగుతున్నాడు. తల్లిని చూడటానికి వచ్చినట్టున్నాడు. జుట్టులో, కనురెప్పల మీద, గోళ్లలో ఇనుప రాయి ఎర్ర దుమ్ము. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. మా ఇద్దరి కథ తెలియని కుర్రకారు వాణ్ణి కూడా అడిగారు: "ఏమన్నా, నువ్వేమంటావు? ఏమన్నింటాడు వాడు?"

ఏసేపు గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు. నా వైపే చూస్తూ, ఏ కోపమూ లేకుండా అన్నాడు:

"మాట పడినోన్ని ఎందుకప్పా అడిగేది? అన్నోన్నే అడగండి."

అంగడంతా నవ్వింది. "వాన్ని యాడ పట్టుకోని అడిగేదప్పా, దేశం కాని దేశంలో!"

వాడు నవ్వలేదు. ఎదురు చూశాడు. నిజంగా ఎదురు చూశాడు. నేను నోరు తెరిస్తే చాలు. పదిమంది ఉన్నారు, అది మా ఊరు, వాళ్లమ్మ ఆ పేటలోనే ఉంది. ఇంత సులువుగా ఆ అవకాశం మళ్లీ ఎవరిస్తారు? నేను టీవీ వైపు చూశాను. అందులో ఏదో ప్రకటన వస్తోంది. లారీ స్టార్టయింది.

ఆ రోజు నుంచి ఆ దారిలో లారీ శబ్దమైతే నా మెడ బిగుసుకుంటుంది. వాడు నన్ను ఏమీ చేయడు. బెదిరించలేదు, అడ్డగించలేదు, ఎవరికీ చెప్పలేదు. అదే నన్ను భయపెడుతుంది. ఇంకా ఎదురు చూస్తున్నాడేమో. లేక చూడటం మానేశాడేమో. రెండింటిలో ఏది ఎక్కువ భయమో తేల్చుకోలేకపోతున్నాను.

పోయిన వేసవిలో మార్తమ్మ చనిపోయింది. మట్టి వేయడానికి పేటకు పోలేదు. మా ఇంటివాళ్లు అక్కడికి పోరని ఊరు అనుకుంది. ముఖం చెల్లకే నేను పోలేదు.

క్షమించమని రాయడం లేదు. పేరు పెట్టకుండా రాసే ఒప్పుకోలు సగం ఒప్పుకోలేనని నాకు తెలుసు. ఏసేపు ఇది చదవడు. చదివినా పోయిన పరుగు రాదు. అయినా ఒక్కటి రాయాలి. ఆ మాట అన్నది నేను. ఒకసారి కాదు, రెండుసార్లు అన్నాను. మార్తమ్మ మా కొట్టానికి పేడ ఎత్తడానికే వచ్చింది, ఎత్తింది, ఇంటికి పోయింది. మా నాయన ఆమెను పేరు పెట్టి కూడా ఎప్పుడూ పిలవలేదు. మిగతాదంతా నేను కల్పించాను.