ఇస్తారి పుస్తక పంచాంగం

దర్జీ ఇస్తారి గురించి రాయాలంటే నా గురించి కూడా కొంత నిజం రాయాల్సి వస్తుంది. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం అదే. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. నా పరువు సంగతి పట్టించుకునే వాళ్ళలో చాలామంది పోయారు. ఇంకా దాచి ఎవరికి పెట్టాలి?

పందొమ్మిదివందల నలభైల్లో సిద్దిపేట బజారులో, ఒక కిరాయి గదిలో మా పఠనమందిరం ఉండేది. రెండు అల్మారాలు, ఒక పొడుగు బెంచీ, ఒక మట్టి కూజా, నేను. అల్మారా తాళంచెవి నా మొలతాడుకు వేలాడేది. పుస్తకం తీసుకునే ప్రతివాడికీ ఆ పుస్తకం మీద ఒక మాట చెప్పి పంపడం నాకు అలవాటు. "మొదలు మంచిగుంటది. నడుమ కొంచెం సాగుతది." మూడొందల పుస్తకాలకూ ఈ ఒక్క మాటే వాడాను. ఒక్కడు కూడా తిరిగొచ్చి తప్పన్నవాడు లేడు. ఊళ్ళో నాకు 'అన్నీ చదివిన దామోదర్ సారు' అని పేరు పడింది. వాటిలో నేను నిజంగా చదివినవి ఎన్నో ఇప్పుడు కూడా చెప్పను.

మందిరానికి సరిగ్గా ఎదురుగా ఇస్తారి దుకాణం. బక్కపలచటి మనిషి. ఒక చెవి మీద సుద్దముక్క, మెడలో టేపు. యుద్ధం రోజుల్లో బట్ట కంట్రోలులోకి పోయింది. మనిషికి ఇన్ని గజాలని చీటీ ఉంటేనే ఇచ్చేవారు. మిషను మీద దుమ్ము పడుతుంటే ఖాళీగా కూర్చోలేక కథలు రాయడం మొదలుపెట్టాడు. కాగితం కూడా కరువే కాబట్టి అంగీలు కత్తిరించడానికి కొలతలు గీసుకునే మందపాటి గోధుమరంగు కాగితం మీద పెన్సిలుతో రాసేవాడు. అన్నీ మాయలు, మంత్రాలు, మాట్లాడే గుర్రాలు, సముద్రం కింద సంతలు.

"మన ఊరి సంగతులు రాయొచ్చు గద ఇస్తారీ" అన్నానొకసారి, పెద్ద తెలిసినవాడిలా.

"కిష్టవ్వ బర్రె ఈనుడు, ముత్తయ్య తాటిచెట్టెక్కుడు నేను రోజు చూస్తనే ఉన్న గద సారూ. చూడనిదాన్ని చూడాల్నంటే రాసుకునుడే" అన్నాడు.

రాసేవాడు ఎలాంటివాడైనా, చదివేవాడు మాత్రం అసాధ్యుడు. నాలుగు రోజులకొక పుస్తకం. ఇచ్చేటప్పుడు చిరిగిన పుస్తకం తిరిగొచ్చేటప్పుడు కుట్టుకుని వచ్చేది. అందుకు ఒక్క కానీ కూడా అడిగేవాడు కాదు. అందుకని ఏడాదికొకసారి అతను చేసే ఒక అల్లరిని మేమంతా సహించేవాళ్ళం. కాదు, దాని కోసం ఎదురుచూసేవాళ్ళం.

ఉగాదినాడు పొద్దున అయ్యగారు పంచాంగం చదివి, ఎవరి రాశికి రాజపూజ్యమెంతో, అవమానమెంతో చెప్పిపోయాక, మధ్యాహ్నం అందరూ మా మందిరం ముందు చేరేవారు. ఇస్తారి స్నానం చేసి, తాను కుట్టుకున్న తెల్లంగీ తొడుక్కుని, గోడకున్న నల్లబోర్డు పక్కన నిలబడి ఆ ఏడాది తాను చదివిన కథల్లో గొప్పవాటికి జాతకం చెప్పేవాడు. ఒక్కొక్కదానికి రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని బోర్డు మీద సుద్దతో వేసేవాడు. ఆదాయ వ్యయాలు మాత్రం వేసేవాడు కాదు. "గవి చెప్తే రాసినోళ్ళు ఏడుస్తరు" అనేవాడు.

ఇంతమంది పుస్తకాలకు జాతకం చెప్పిన మనిషికి ఒక్కటే కోరిక ఉండేది. తను రాసినదాన్ని ఒక్కరు, చదువు తెలిసినవారు, మొదటినుంచి చివరిదాకా చదవాలి. అంతే. అచ్చు వేయించమని అడగలేదు, అల్మారాలో పెట్టమనీ అడగలేదు. ఊళ్ళో అన్నీ చదివినవాణ్ణి నేనే కాబట్టి, ఒక దసరా ముందు, గోధుమరంగు కాగితాల కట్ట ఒకటి పాత కోటు గుడ్డతో అట్ట కట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"తీరుబడిగ చూడున్రి సారూ. తొందరేం లేదు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని చేతులు కట్టను వదల్లేదు. నేనే కాస్త గుంజి తీసుకున్నాను.

నేను దాన్ని బెంచీ మీద పెట్టాను. మరునాడు కూజా కింద బెంచీ తడుస్తోందని కూజాను దాని మీద పెట్టాను. మూడు నెలలు అది కూజా కిందే ఉంది. సంక్రాంతి తర్వాత ఒకరోజు ఇస్తారి గుమ్మంలో నిలబడి ఏమీ అడగకుండా నా ముఖం చూశాడు. కట్ట తీసి తుడిచి ఇచ్చాను.

"చదివిన. మొదలు మంచిగుంది. నడుమ కొంచెం సాగింది."

అతను కట్టను రెండు వైపులా తిప్పి చూసుకుని, "సరే సారూ" అని వెళ్ళిపోయాడు. నా మాట అతికిందనే అనుకున్నాను. నిజానికి ఆ కథ పేరేమిటో కూడా నాకు తెలియదు.

ఇక ఆ ఉగాది. పార్థివ పోయి వ్యయనామ సంవత్సరం వచ్చింది. ముప్పై మందిదాకా చేరారు. ఇస్తారి భార్య బాలవ్వ కూడా వచ్చి గోడవారన కూర్చుంది. ఆమె ఎప్పుడూ రాదు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

ఇస్తారి చంకలో ఒక గుడ్డసంచి ఇరికించుకుని గొంతు సవరించుకున్నాడు. "నాలుగోది, గాజుకొండ మాంత్రికుడు. రాజపూజ్యం మూడు, అవమానం ఐదు. మాంత్రికుడు మంచోడే. రాకుమారుడే జర మొద్దు. మూడుసార్లు ఒక్క బాయిలనే పడ్డడు."

జనం నవ్వారు. బోర్డు మీద అంకెలు పడ్డాయి.

"మూడోది, మద్రాసు నుంచి వచ్చే పిల్లల పత్రికల ఎగిరే ఎడ్లబండి బొమ్మల కథ. రాజపూజ్యం ఆరు, అవమానం రెండు. బండి మీదికి లేస్తుంటే ఎద్దు మొఖం చూసిన్రా? భయపడుతుంటది. గా బొమ్మ గీసినాయన ఎద్దును చూసినోడు. రాజకుమారినే ఎన్నడు చూడనట్టుంది."

"పెద్దల లిస్టులో పిల్లల బొమ్మలేంది?" అన్నాను. ఏదో ఒకటి అనకపోతే నా హోదా ఏం కావాలి?

"గట్లయితే రెండోదానికి మీరింక కోపం చేస్తరు సారూ. రెండోది, కోహెడల చూసిన గౌండ్లోళ్ళ పటం. రాజపూజ్యం పది, అవమానం ఒకటి."

పటమంటే కథ చెప్పేవాళ్ళు విప్పుతూ చూపించే బొమ్మల గుడ్డ చుట్ట. ఎర్రటి నేల మీద వరుస కింద వరుసగా బొమ్మలుంటాయి. కథకుడు పుల్లతో చూపిస్తూ రాత్రుళ్ళు కథ చెబుతాడు. ఇస్తారిని కోహెడ తీసుకుపోయి దాన్ని చూపించింది కల్లు గీసే ముత్తయ్యే. తమ కులం పటానికి పది వచ్చేసరికి ముత్తయ్య దాన్ని తానే గీసినంత గర్వంగా మీసం దువ్వుకున్నాడు.

"పటం పుస్తకమెట్లయితది? అల్మారల వట్టదు" అన్నాను.

"అల్మారల వట్టకుంటే తప్పు అల్మారది సారూ."

ఈసారి నవ్వు నా మీదికొచ్చింది. ఇస్తారి నవ్వలేదు. బోర్డు పైన ఖాళీగా వదిలిన జాగాలో నెమ్మదిగా రాశాడు.

"మొదటిది, ఏడు గుండీల రాజు. రాజపూజ్యం సున్న. అవమానం ఒకటి."

గొడవ లేచింది. మొదటి పుస్తకానికి రాజపూజ్యం సున్నా ఏమిటి? "పుస్తకం మంచిదే. గ్రహాలు మంచిగ లెవ్వు" అన్నాడు ఇస్తారి. ఎక్కడుంది, ఎవరు రాశారు, ఎవరు చదివారు అని తలా ఒకటి అడిగారు. అతను సుద్దముక్కతో నన్ను చూపించాడు. "నన్నెందుకు అడుగుతరు? సారు అన్ని చదివిండు గద. సార్‌ను అడుగున్రి."

ముప్పై తలలు నా వైపు తిరిగాయి. ఆ పేరు నేను పుట్టాక వినలేదు. 'తెలియదు' అంటే సరిపోయేది. నాలుగు అక్షరాలు. గుండీలు అన్నప్పుడైనా నా బుర్రకు తట్టాలి కదా, గుండీల మీద కథ రాసేది దర్జీ కాక మరెవరని! తట్టలేదు.

"ఎందుకు చదువలేదు? చదివిన" అన్నాను. "మొదలు మంచిగుంటది. నడుమ కొంచెం సాగుతది."

బాలవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ముత్తయ్య ముందుకు జరిగి, "కథ చెప్పున్రి సారూ" అన్నాడు.

ఆదుకున్నది ఇస్తారే. లేదా అప్పటికి ఆదుకున్నాడనే అనుకున్నాను. "మొదలు నేను చెప్త. ఒక రాజు కోటుకు ఏడు గుండీలుంటయి. ఒకటి ఇప్పితే గాలి లేస్తది. రెండోది ఇప్పితే నదులాగుతయి. గట్ల ఆరు గుండీలకు ఆరు వింతలు. ఏడోది మాత్రం రాజు ఎన్నడు ఇప్పడు, ఎవ్వల్ని ముట్టనియ్యడు. ఏడోది ఇప్పితే ఏమైతదో సారు చెప్తడు."

ఏడో గుండీ కింద ఏముంటుంది? ఆరోజు పండగకని నేను పైన మంచి కోటు వేసుకున్నాను. లోపలి అంగీ చంక దగ్గర ఇంత చిరిగి ఉంది. చీటీ మీద బట్ట దొరక్క కుట్టించుకోలేదు. నోటికి అదే వచ్చింది.

"ఏమీ కాదు" అన్నాను. "ఏడో గుండీల ఏ మంత్రం లేదు. అది ఇప్పితే లోపలి అంగీ చినిగిందని అందరికి తెలుస్తది. అందుకే రాజు ఇప్పడు."

ముత్తయ్య తొడ చరుచుకుని నవ్వాడు, అందరూ నవ్వారు. ఇస్తారి మాత్రం నోరు తెరుచుకుని నన్నే చూస్తూ నిలబడ్డాడు. చంకలో ఉన్న సంచిని విప్పబోయి ఆగాడు. మళ్ళీ ముడి వేసి, "ఈ ఏటికి గింతే" అని ఇంటికి వెళ్ళిపోయాడు.

మరునాడు పొద్దున ఆ సంచి నా బెంచీ మీదికొచ్చింది. తెచ్చింది బాలవ్వ. లోపల కోటు గుడ్డ అట్ట కట్టిన కట్ట. అట్ట మీద గుండ్రంగా, ఒక కూజా అడుగంత మరక.

"పక్కపొంటి చూడున్రి సారూ" అంది.

కాగితాలు తెరుచుకునే వైపు మూడు చోట్ల ఎర్రదారంతో కచ్చాకుట్టు ఉంది. కొలతకు తొడిగి చూసేముందు దర్జీలు వదులుగా వేసే కుట్టు. అది తెంపితే తప్ప ఒక్క కాగితం కూడా తెరుచుకోదు. ఎక్కడా తెగలేదు.

"నేనే ఏసిన. చదివేటోళ్ళయితే తెంపుతరు అనుకున్న. మీరు వాపసు ఇచ్చిననాడు ఆయన దారం చూసుకుండు. నాతోని ఒక్క మాట అనలే. మూడు దినాలు అన్నం సరిగ తినలే. నిన్న అందరి ముందట తీసి చూపెడ్తనని సంచిల వెట్టుకొచ్చిండు."

"మరి ఎందుకు తియ్యలేదు?"

"నేను అదే అడిగిన. ఏడో గుండీ ముచ్చట నాకంటే సారే మంచిగ చెప్పిండు, ఎట్ల తియ్యాలె అన్నడు."

ఆమె వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది. బతుకులో అంతకుముందెప్పుడూ అంత సిగ్గుపడలేదు, ఆ తర్వాతా పడలేదు. మందిరం తలుపు లోపల గడియ పెట్టి, బ్లేడుతో మూడు కుట్లు తెంపి చదవడం మొదలుపెట్టాను. మొదటి కాగితం మీదే ఉంది పేరు, ఏడు గుండీల రాజు. బయట ఎవరెవరో వచ్చి తలుపు కొట్టి తిట్టుకుంటూ పోయారు. ఎండ అల్మారా మీదినుంచి బెంచీ మీదికి, బెంచీ మీదినుంచి గోడ మీదికి జరిగింది. మూడో గుండీ విప్పినప్పుడు ఊళ్ళో చెప్పులన్నీ వాటి యజమానులను వదిలి నడిచిపోయే ఘట్టం దగ్గర ఒంటరిగా పకపకా నవ్వాను. ఐదో గుండీ దగ్గర కళ్ళు తుడుచుకున్నాను. నాలుగో గుండీ దగ్గర మాత్రం రెండుసార్లు కునుకు తీశాను.

సాయంత్రం దీపాలు పెట్టకముందే అతని దుకాణానికి పోయాను. ఇస్తారి ఎవరిదో పైజామా కత్తిరిస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను. క్షమించమని అడగడానికి రోడ్డు దాటుతూ మాటలు కూర్చుకున్నాను కానీ, కట్ట అతని ముందు పెట్టగానే అవన్నీ పోయి వేరే మాట వచ్చింది.

"ఇస్తారీ, నాలుగో గుండీ కాడ నిజంగనే సాగింది. ఏనుగుల యుద్ధం పందొమ్మిది కాయితాలు రాసినవ్. ఎవ్వడు గెలిచిండో నీకు కూడ గుర్తుండదు. చెప్పుల ముచ్చట మాత్రం నేను సచ్చేదాక మర్చిపోను."

అతను కత్తెర కింద పెట్టాడు. కట్ట అంచు మీద వేలు పెట్టి, తెగిన దారం ముక్కలను తడిమాడు. ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా అయిపోయింది. కన్నీళ్ళు పైజామా గుడ్డ మీద పడ్డాయి.

లోపలినుంచి బాలవ్వ పరుగెత్తుకొచ్చింది. "ఏందయ్యా, మళ్ళ తిట్టిండా సారు?"

"తిట్టలేదే" అన్నాడు ఇస్తారి. "చదివిండు."

ముక్కు చీదుకుని, చెవిమీది సుద్దముక్క తీసుకుని, రోడ్డు దాటి మా మందిరం బోర్డు దగ్గరికి నడిచాడు. నేనూ వెనకే పోయాను. రాజపూజ్యం కింద సున్నాను అరచేత్తో తుడిచి ఒకటి వేశాడు. వెనక్కి అడుగేసి చూసుకున్నాడు. అవమానం కింద ఒకటి అలాగే ఉంది.

"అది కూడ తుడువు ఇస్తారీ" అన్నాను.

సుద్దముక్క చెవి మీద పెట్టుకుంటూ, కోటు లేకుండా వచ్చిన నన్ను కిందినుంచి పైదాకా, గుండీ గుండీగా చూశాడు.

"గది పుస్తకానిది కాదు సారూ, మీదే. ఒక ఏడాది ఉంచుకోన్రి. మీ అంగీ పంపున్రి, చంక కాడ కుట్టిస్త."