తాళం వేసిన నెలలు

మా పిన్ని ఏదైనా చేయాలనుకుంటే ముందుగా ఎవరికీ చెప్పదు. భయపడి కాదు. చెబితే పదిమంది పది మాటలు అంటారు, ఆ పదింటికీ జవాబు చెబుతూ కూర్చోవడం దండగ అని.

ఆమె ఒక మిల్లు క్యాంటీన్‌లో ఏళ్ల తరబడి వంట చేసింది. మిల్లు మూతపడ్డాక సొంతంగా చిన్న హోటల్ పెట్టాలని ఊరంతా తిరిగింది. ఎక్కడికి వెళ్లినా అద్దె మాట చెవిన పడగానే వెనక్కి తిరిగి రావాల్సి వచ్చేది. బాబాయి ఇళ్లకు రంగులు వేస్తాడు. వానలు మొదలయ్యాయంటే ఆయన బ్రష్షులు అటకెక్కుతాయి. ఇంట్లో ఇద్దరూ ఖాళీగా కూర్చున్న అలాంటి రోజుల్లో, వాన కాస్త తెరిపిచ్చిన ఒక పొద్దున, పిన్ని ఆయన్ని తట్టి లేపింది.

"దీవికి పోదాం, లేవండి."

పెళ్లయిన ఇన్నేళ్లకు భార్యకు షికారు మీద మనసు పుట్టిందని బాబాయి మురిసిపోయాడు. ఇస్త్రీ చొక్కా తీశాడు. వానల్లో దీవికి యాత్రికులు రారు కాబట్టి పడవ టికెట్టు సగం ధరే. పిన్ని అన్నం, కూర క్యారేజీలో సర్దింది. "ఆ సగం టికెట్టు చూసే మోసపోయానమ్మా," అని బాబాయి ఇప్పటికీ నాతో అంటుంటాడు.

పడవలో వాళ్లు కాకుండా ఉత్తరాల సంచీ, రెండు సిమెంటు బస్తాలు మాత్రమే ఉన్నాయి. దీవిలో దిగేసరికి రేవు వీధిలో నరమానవుడు లేడు. లాడ్జిలన్నీ షట్టర్లు దించుకుని ఉన్నాయి. హోటళ్ల ముందు కుర్చీలు తలకిందులుగా పేర్చి తాళ్లతో బిగించి పెట్టారు. ఇసుకలో పాతిన పెద్ద గొడుగులకు గుడ్డల్లేవు, ఊచలు మాత్రం గాలికి కిర్రుమంటున్నాయి.

బాబాయి లైట్‌హౌస్ వైపు నడవబోయాడు. పిన్ని మాత్రం వెనక సందుల్లోకి తిరిగింది. సముద్రం వైపు కన్నెత్తి చూడదు. ఒక్కో ఇంటి వెనక దండెం మీద ఏం ఆరేశారో చూసుకుంటూ పోతోంది.

"జనం బట్టలు చూడ్డానికా ఇంత దూరం వచ్చింది?" అన్నాడు బాబాయి.

"బట్టలు ఆరేసిన ఇంట్లో మనుషులుంటారు. మనుషులుంటే ఆకలి ఉంటుంది," అంది పిన్ని.

అప్పటికి ఆయనకు విషయం అర్థమైంది. షికారు సరదా అంతా చప్పున చల్లారిపోయింది. అలిగి రెండు సందులు వెనకబడి నడిచాడు.

ఆసుపత్రి అరుగు మీద ఒక నర్సు నిలబడి బిస్కెట్లు తింటోంది. ఇక్కడ భోజనం ఎక్కడ దొరుకుతుందమ్మా అని పిన్ని అడిగింది.

"ఇప్పుడెక్కడ దొరుకుతుందండీ? సీజన్‌లో రండి."

"మరి మీరేం తింటారు?"

నర్సు చేతిలోని పొట్లం ఎత్తి చూపించి నవ్వింది.

ఇంకాస్త ముందుకు పోయాక గాలిలో రంగు వాసన వచ్చింది. రంగు వాసన తగిలితే మా బాబాయి అలక నిలవదు. వాసన వెంట పోతే పడవలు బాగుచేసే పెద్ద షెడ్డు కనిపించింది. సముద్రం పోటెత్తే ఈ నెలల్లోనే పడవలన్నీ ఒడ్డుకు లాగి మరమ్మతు చేస్తారట. అవతలి ఒడ్డు నుంచి వచ్చిన పనివాళ్లు వానలు పోయేదాకా అక్కడే ఉంటారట. బాబాయి అరక్షణంలో వాళ్లతో కలిసిపోయి, పాత రంగు గీకకుండా కొత్తది పూస్తే ఊడి వస్తుందని మేస్త్రీతో వాదనకు దిగాడు. పిన్ని కళ్లు మాత్రం మూలనున్న ఇటుకల పొయ్యి మీద పడ్డాయి. దాని మీద గిన్నెలో అడుగంటిన అన్నం ఉంది.

"వంట ఎవరు చేస్తారు బాబూ?"

"ఎవడు ఓడిపోతే వాడు," అన్నాడు మేస్త్రీ. "రోజూ పేకాటలో తేలుస్తాం."

ఇక పిన్ని ఆగలేదు. రేవు వీధిలో పెద్ద హోటల్ ఉన్న ఆసామి పైఅంతస్తులోనే కాపురముంటాడని తెలుసుకుని తలుపు తట్టింది. ముసలాయన, ఒంటరివాడు. హోటల్ అద్దెకు కావాలంటే సీజన్ అద్దె చెప్పాడు. బాబాయికి పొలమారింది.

"సీజన్ మాకొద్దండీ," అంది పిన్ని. "సీజన్‌లో మీరే నడుపుకోండి. మీరు తాళం వేసే నెలలే మాకు కావాలి."

ఆసామి ఆమెను ఎగాదిగా చూశాడు. "తాళం వేసేది మనుషులు లేకేనమ్మా. నాలుగు రోజులు ఈగలు తోలుకుని పోతావు. నా వంటిల్లు పాడవుతుంది."

"ఈ ఒక్క పూట తాళం ఇవ్వండి. సాయంత్రం పడవ వచ్చేలోగా ఎవరూ రాకపోతే మళ్లీ మీ గుమ్మం తొక్కను."

వదిలించుకోవడానికి ఇచ్చాడో, ఆమె చూపు తట్టుకోలేక ఇచ్చాడో, మొత్తానికి తాళంచెవి చేతిలో పెట్టాడు. తెరిచి ఉన్న ఒకే ఒక్క కొట్లో పిన్ని గుడ్లు, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, బ్రెడ్డు, టీ పొడి కొంది. పెద్ద కట్టెల పొయ్యి వెలిగించింది.

అక్కడే కథ అడ్డం తిరిగింది. పొగగొట్టంలో పక్షులు గూడు కట్టుకున్నాయి. పొగ పైకి పోవడం మాని వంటింట్లోకి మళ్లింది. క్షణాల్లో కిటికీల్లోంచి నల్లగా ఎగదన్నింది. ఇద్దరూ దగ్గుకుంటూ వీధిలోకి పరుగెత్తారు. షెడ్డులోంచి మేస్త్రీ, పనివాళ్లు హోటల్ తగలబడుతోందని బకెట్లు పట్టుకుని పరుగున వచ్చారు. నర్సు కూడా మందుల పెట్టెతో వచ్చింది. బాబాయి ఇస్త్రీ చొక్కాతోనే కప్పెక్కి, వెదురుగడతో గొట్టం పొడిచి గూడు కిందికి తోశాడు. అదృష్టం, అందులో గుడ్లు లేవు.

ఆసామి దిగివచ్చి గోడలు చూసి నెత్తి కొట్టుకున్నాడు. "చెప్పానా! నిరుడేగా సున్నం వేయించాను!"

"నల్లబడిన గోడకు రంగు వేసేవాణ్ణి వెంటబెట్టుకునే వచ్చాను. రేపే వేయిస్తా," అంది పిన్ని. తర్వాత బకెట్ల వాళ్ల వైపు తిరిగి, "వచ్చినవాళ్లు ఎలాగూ వచ్చారు. కూర్చోండి. అరగంటలో వేడివేడిగా పెడతాను," అంది.

వాళ్లు కూర్చున్నారు. కుర్చీల తాళ్లు వాళ్లే విప్పుకున్నారు. ఉల్లిపాయల వాసనకు ఎక్కడెక్కడి కిటికీలూ తెరుచుకున్నాయి. మేస్త్రీ మూడోసారి ప్లేటు చాచాడు. నర్సు తాను కూర్చుని తిని ఎన్నాళ్లయిందో గుర్తులేదంది. పిన్ని అందరి దగ్గరా డబ్బులు తీసుకుంది. "మొదటి రోజు ఊరికే పెడితే రెండో రోజు ఖరీదు ఎక్కువనిపిస్తుంది," అని ఆమె లెక్క.

ఇదంతా చూసిన ఆసామి గొంతు సవరించుకున్నాడు. "సరే, ఇస్తాను. సీజన్ అద్దెలో సగం."

పిన్ని పావు వంతు అంది. ఆయన ససేమిరా అన్నాడు. గిన్నెలన్నీ తోమి, తుడిచి, తాళంచెవి బల్ల మీద పెట్టి, పిన్ని సంచీ భుజానికి తగిలించుకుంది.

రేవు దాకా బాబాయి గొణుగుతూనే ఉన్నాడు. "ఒప్పుకుంటే పోయేదిగా. అంతమంది తిన్నారుగా."

"సగానికి ఒప్పుకుంటే వాళ్లకు వండి సంపాదించిందంతా ఆయనకే పోతుంది. నేను మళ్లీ క్యాంటీన్ వంటమనిషినే అవుతాను. మొండిదాన్నంటే అనండి."

"ఎప్పుడో అన్నాను. కొత్తగా అనేదేముంది?"

పిన్నికి నవ్వొచ్చింది, కానీ కళ్లలో నీళ్లూ తిరిగాయి. అంత దగ్గరగా వచ్చిన పని చేజారితే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. పడవ తాడు విప్పబోతుండగా మేస్త్రీ రొప్పుతూ వచ్చాడు.

"అక్కా, మా షెడ్డులో ఒక మూల ఖాళీగా ఉంది. పైకప్పు ఉంది గానీ గోడల్లేవు."

"గోడలు లేకపోతే అద్దె కూడా లేనట్టేగా?" అంది పిన్ని.

"అద్దెందుకక్కా? మా మాడు అన్నం బాధ తప్పితే చాలు."

మర్నాడే మొదటి పడవకు వెళ్లారు. మాట ప్రకారం బాబాయి ఆసామి వంటింటి గోడలకు రంగు వేసి, పైసా అడగకుండా వచ్చేశాడు. షెడ్డు మూలకు చుట్టూ టార్పాలిన్ కట్టారు. గాలి తిరిగినప్పుడల్లా వాన జల్లు పొయ్యిలోకి కొట్టేది. రెండుసార్లు టార్పాలిన్ ఎగిరిపోతే బాబాయి ఒడ్డంతా పరుగెత్తి పట్టుకొచ్చాడు. రాత్రి పడవల కింద పడుకునేవాళ్లు. పిన్ని ఒక్కరోజూ పొయ్యి ఆర్పలేదు. పనివాళ్ల తర్వాత నర్సు, ఆమె వెంట బడి పంతులు, కొట్టువాడు, ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలైంది. వానల్లో పని దొరకని బాబాయికి పడవల రంగు పని చేతినిండా దొరికింది.

వానలు సగమయ్యాక ఒక మధ్యాహ్నం హోటల్ ఆసామి గొడుగు వేసుకుని వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. పిన్ని అందరికీ పెట్టినట్టే ఆయనకూ పెట్టింది. తిని, చేయి కడుక్కుని, డబ్బులిచ్చి, "పావు వంతే ఇవ్వమ్మా," అన్నాడు. "నేను మెట్లు దిగితే చాలు. ఈ బురదలో ఇంత దూరం నడవలేను."

అప్పటి నుంచి ఏటా యాత్రికులు దీవి నుంచి తిరుగుముఖం పట్టే రోజుల్లో పిన్ని, బాబాయి గిన్నెలు సర్దుకుని అటు వెళ్తారు. మొన్న వానల్లో నేనూ వెళ్లాను. హోటల్లో కూర్చోవడానికి చోటు దొరకలేదు. పిన్ని నా చేతికి ఉల్లిపాయల బుట్ట ఇచ్చి, "చుట్టంలా నిలబడకు, తరుగు," అంది.