ఆలూరు-3

డబ్బా మానిటర్ల కాలంలో కడప పక్కన ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. ల్యాబ్‌లో ఇద్దరమే. నాకంటే పదేళ్ళు పెద్దవాడైన కమలాపురం అన్న ఒకరు, ఆలూరు నుంచి వచ్చిన నేను ఒకదాన్ని. ఇద్దరివీ ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగాలే.

మా కంప్యూటర్లలో నెట్‌వర్క్ కార్డులు పాతవి. అవి పనిచేయాలంటే లైనక్స్ కెర్నెల్‌ను, అంటే యంత్రాన్ని లోపలినుంచి నడిపించే అసలు ప్రోగ్రామును, మేమే అక్కడక్కడా మార్చి మళ్ళీ తయారుచేసుకోవాలి. ఒక్కోదానికి గంటన్నర పట్టేది. ఆయనొకటి చేసి ఎక్కించేవాడు, నేనొకటి చేసి ఎక్కించేదాన్ని. అన్నిటికీ ఒకటే వెర్షన్ నంబరు. ఏది ఎవరిదో గుర్తుంటుందిలే అనుకునేవాళ్ళం.

ప్రాక్టికల్ పరీక్ష మధ్యలో ఒక కంప్యూటర్ ఆగిపోయింది. రాసిందంతా పోయి దాని ముందు కూర్చున్న అమ్మాయి ఏడ్చింది. ఎవరు చేసిన కెర్నెల్ అని హెచ్‌ఓడీ గారు అడిగితే నేను క్షణం కూడా ఆలోచించలేదు.

"నాది కాదు సార్. అన్న చేసిందే" అన్నాను.

అబద్ధం చెప్పాననుకోలేదు. నా పని మీద నాకంత నమ్మకం. మరుసటి వారం నా పొడిగింపు కాగితం మీద సంతకం పడింది, అన్న కాగితం ఆగిపోయింది, ఏడాది ముగిసేదాకే ఆయనకు పని. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశాడు.

విత్తనం వేసే ముందు ఒక ఆదివారం ఆలూరు పోయాను. అమ్మ విత్తనపు శనక్కాయల సంచులు విప్పుతోంది. ఒక్కో సంచి లోపల చీర అంచు పేలిక ఒకటి. మా చేనివాటిలో పచ్చది, పెద్దమ్మ చేనివాటిలో ఎర్రది. పైనే కట్టొచ్చు కదా అన్నాను.

"పైన కడితే ఎలకలు కొరుకుతాయి. లోపలేస్తే ఇత్తనాలతోనే ఉంటాది" అంది అమ్మ. "రేపు మొలక రాకుంటే ఎవురి చేనివో తెలియల్ల గదా. మనవైతే మనవే అనల్ల."

తిరుగు బస్సులో ఆ పేలికే గుర్తొచ్చింది. కెర్నెల్ తయారుచేసే ముందు దాని నంబరు వెనక మనకిష్టమైన పేరు తగిలించుకోవచ్చు. ఆ పేరు లోపలే ఉండిపోతుంది, ఆగిపోయినప్పుడు స్క్రీన్ మీద అదే చెబుతుంది. మేం ఎవరివి వాళ్ళం దాచుకున్న పాత మార్పులన్నీ ఒక్కొక్కటిగా మళ్ళీ తయారుచేసి పేర్లు పెట్టాను. ఆయనవి కమలాపురం-1, కమలాపురం-2. నావి ఆలూరు-1 నుంచి 3 దాకా. దాచడమెందుకు, ఆయన్ను పట్టించాలనే పెట్టాను.

ఒక్కోటీ ఒక్కో కంప్యూటర్లో ఎక్కించి, పరీక్షనాటి ప్రోగ్రామే నడిపాను. మూడో రోజు ఒకటి సరిగ్గా అప్పటిలాగే ఆగింది. నల్లటి స్క్రీన్, తెల్ల అక్షరాలు, మధ్యలో ఇంగ్లీషులో మా ఊరి పేరు. ఆలూరు-3.

ల్యాబ్‌లో ఎవరూ లేరు. చెయ్యి పవర్ మీట దాకా పోయింది. కాసేపటికి పెన్ను తీసి స్క్రీన్ మీద ఉన్నదంతా కాగితం మీదికి ఎక్కించుకున్నాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. అయినా తీసుకుందామనే హెచ్‌ఓడీ గారి గదికి పోయాను.

"పరీక్షరోజు ఆగింది కూడా ఇదేనా?" అన్నారాయన.

ఆ రోజుది నాకు తెలియదని తప్పించుకోవచ్చు.

"ఇదే సార్. తప్పు నాది" అన్నాను.

అన్నను పిలిపించి, నా ఎదుటే ఆయన కాగితం మీద సంతకం పెట్టారు. నా పొడిగింపు కాగితం వెనక్కి అడిగి సొరుగులో పెట్టుకున్నారు.

వరండాలోకి వచ్చాక అన్న నా వైపు తిరిగాడు.

"మిషను ఆర్పేసింటే సరిపోయేది గదమ్మా. ఎవురు సూసినారని?"

"చెయ్యి మీట దాకా పోయిందన్నా."

"నేనైతే నొక్కేసుందునేమో" అన్నాడు. తర్వాత నా చేతిలోని కాగితం తీసుకుని ల్యాబ్ వైపు నడిచాడు. "రామ్మా, తప్పు యాడుండాదో సూద్దాం."