నాగమణి ఫోన్ కోసం కోటిపల్లి రేవు దాటిన రోజు

ఆ ఉదయం బస్సులో నా ముందు సీటావిడ కనకాంబరాల పొట్లం పదో తరగతి ఫిజిక్స్ పుస్తకం కాగితంతో కట్టి ఉంది. కప్పీ బొమ్మ సగమే కనిపిస్తోంది. మిగతా సగం కోసం ద్వారపూడి దాకా మెడ సాచి చూస్తూనే ఉన్నాను. ఎవరితోనూ మాట్లాడకుండా ప్రయాణం చేయడానికి నాకు అలాంటివి చాలు. కానీ ఆ రోజు నేను వెళ్తున్నదే మాట్లాడటానికి.

మా ఊళ్ళకు సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులవి. రాజమండ్రి హాస్టల్లో నా రూమ్మేట్ నాగమణి ఎన్.సి.సి.లో చేరి, కొండరాళ్ళు ఎక్కడం నేర్చుకుని, ఢిల్లీలో జరిగే అంతర్జాతీయ క్లైంబింగ్ పోటీకి వెళ్ళింది. అక్కడ కట్టుడు గోడ మీద రెండు రకాల పోటీలు. స్పీడ్‌లో ఇద్దరు పక్కపక్కనే ఎక్కుతారు, పైనున్న మీట ముందు నొక్కినవాళ్ళు గెలిచినట్టు. లీడ్‌లో అంత తొందర లేదు. తాడు తగిలించుకుంటూ ఎంత ఎత్తు పోగలిగితే అంత. చివరిదాకా చేరనివాళ్ళందరూ ఎక్కడో ఒకచోట పట్టు తప్పి పడతారు, తాడు ఆపుతుంది.

నాగమణి ఉత్తరం రాసింది: "శనివారం సాయంత్రం నాలుగింటికి మా ఊరి బూత్‌కి ఫోన్ చేస్తాను. కోచ్ గారు రెండు నెలలు శిక్షణకు ఉండమంటున్నారు, నాన్న ఒప్పుకోవాలి. 'పడ్డాను' అన్న మాట నాన్న ఒక్కడే వినకూడదు. ఆటలో పడటం మామూలేనని నువ్వు వెళ్ళి ముందే చెప్పు." వాళ్ళ నాన్న సూర్రావు గారు కోనసీమలో కొబ్బరి చెట్లెక్కి దింపు తీస్తారు. చెట్టు మీంచి పడ్డాడంటే అక్కడ ఒకటే అర్థం.

ఏడింటి బస్సుకు టికెట్ ఇరవై రెండు రూపాయలు. రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి చేరేసరికి తొమ్మిదిన్నర. అక్కడి నుంచి ముక్తేశ్వరానికి పంటు, మనిషికి ఐదు రూపాయలు. రెండు పడవల మీద బల్లలు పరిచిన ఆ పంటు మీద మోటారు సైకిళ్ళు, పాలక్యాన్లు, ఒక లేగదూడ, నేను. గోదావరి మధ్యలో, చెప్పాల్సిన మాటలు లోపలే వల్లె వేసుకున్నాను. రేవు దాటాక షేర్ ఆటోలో ఇంకో పావుగంట.

సూర్రావు గారు పెరట్లో కత్తి నూరుకుంటున్నారు.

"అమ్మాయిగారూ, ఆ గోడెక్కి ఏం దింపుతారండి?"

"ఏమీ దింపరు బాబాయి గారూ."

"ఆయ్! ఖాళీ చేతుల్తో దిగిపోవడమేనా? మా రైతు ఊరుకోడండి."

నవ్వాను. అసలు మాట అన్నం తినేటప్పుడు చెబుదామనుకున్నాను. ఆయన భార్య చేపల పులుసుతో అన్నం పెట్టింది, అప్పుడూ చెప్పలేదు. మూడున్నరకు బూత్‌కి నడిచాం. బూత్ యజమాని మమ్మల్ని చూడగానే మొదలుపెట్టాడు: "ఏంటి సూర్రావూ, మీ అమ్మాయి ఢిల్లీలో గోడలెక్కుతోందంట? ఇక్కడైతే పోలీసులు పట్టుకెళ్తారు."

"నీ గోడ ఎక్కినా నీ దగ్గరేముందిరా?" అన్నారు సూర్రావు గారు.

గడియారంలో నాలుగుకు మూడు నిమిషాలు తక్కువ.

"బాబాయి గారూ, ఈ ఆటలో పడటం ఉంటుందండి. దెబ్బ తగలదు. తాడు పట్టుకుంటుంది."

ఆయన నవ్వు ఆగిపోయింది. "తాడు పట్టుకోదు కదండీ. తాడుని మనిషి పట్టుకోవాలి. ఎవరు పట్టుకుంటారు?"

దారంతా అన్ని మాటలు వల్లె వేసుకున్నా ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఫోన్ మోగింది.

"పడ్డావా?" అన్నారు ఆయన, రిసీవర్ రెండు చేతులతో పట్టుకుని. చాలాసేపు విన్నారు. "కింద తాడు ఎవరు పట్టుకున్నారమ్మా? ... ఏ ఊరు? ... పేరేంటి?" తర్వాత నా వైపు తిరిగి, "పెమా అంటండి. డార్జిలింగ్ పిల్లంట" అన్నారు.

మళ్ళీ విన్నారు. ఈసారి పెద్దగా నవ్వారు. "స్పీడ్‌లో ఓడిపోయిందంటండి! మీట దాకా ముందే ఎక్కేసి, నొక్కే ముందు ఆగి చూసిందంట. కొబ్బరిచెట్టు తల మీద మొవ్వులో చెయ్యి పెట్టేముందు కందిరీగలున్నాయేమో చూసుకోమని చిన్నప్పుడు నేనే నేర్పాను." ఫోన్‌లోకి చెప్పారు: "ఓడితే ఓడావులే. చూడ్డం మానకు. రెండు నెలలూ ఉండు. వచ్చేటప్పుడు ఆ పెమాని మనింటికి అన్నానికి తీసుకురా."

తిరుగు పంటు ఎక్కేసరికి ఎండ తగ్గింది. ఇప్పుడు ఆ బూత్ లేదు. నాగమణి రామచంద్రపురంలో పిల్లలకు ఆటలు నేర్పుతోంది. ఆ రోజు వల్లె వేసుకున్న మాటల్లో ఒక్కటీ నాకు గుర్తులేదు, ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఆయన గొంతుతో సహా గుర్తుంది. మీరు ఆ దారిన వెళ్తే, ముక్తేశ్వరంలో దిగగానే చివరి పంటు ఎన్నింటికో అడిగి పెట్టుకోండి. వరద రోజుల్లో చెప్పకుండా ఆపేస్తారు.

సూర్రావు గారు ఈ కార్తీకంలో చనిపోయారు. భోంచేసి మంచం మీద పడుకున్నారు, నిద్రలోనే పోయారు.